మా జీపుకు నేల లేని వారం

మా తాత కట్టించిన ఇంట్లో ఇప్పుడు మాకు మిగిలింది జీపు షెడ్డు, దాని పక్కన గుమాస్తాలు పడుకునే రెండు గదులు. మిగతా ఇల్లు చేతులు మారి మారి బట్టల షోరూము అయింది. షెడ్డుకు ముందువైపు గోడ కట్టించి, కిటికీ పెట్టించి మేము అందులో కాపురం ఉంటున్నాము. జీపు వీధిలో ఉంటోంది.

"బండిని బయట వెట్టి మనం షెడ్డుల ఉంటున్నం. రేపు మెకానిక్ వస్తె మనల్నే సర్వీసింగుకు గుంజుకపోతడు," అంటుంది నా భార్య.

ఆమెకు నేను ఇచ్చే జవాబు ఒకటే. దాన్ని షెడ్డు అనకూడదు, ముందు గది అనాలి.

మా తాతకు పత్తి జిన్నింగు మిల్లు ఉండేది, మిర్చి కమీషన్ దుకాణం ఉండేది. మా నాన్న కాలానికి రెండూ పోయాయి. ఎలా పోయాయని అడిగినవాళ్లకు నేను చెప్పను. అడగనివాళ్లకు మా మేనత్త చెబుతుంది. నేను ఇప్పుడు ఎనుమాముల మార్కెట్లో ఇంకొకరి దుకాణంలో లెక్కలు చూస్తాను. ఇస్త్రీ చొక్కా లేకుండా ఏనాడూ యార్డులో అడుగు పెట్టలేదు. మిర్చి సీజనులో ఆ ఘాటుకు అందరూ తుమ్ముతారు. నేనూ తుమ్ముతాను, కాకపోతే ముందు రుమాలు తీస్తాను.

ఇక జీపు. మా తాత దాన్ని మిలిటరీ వేలంలో పాతదిగానే కొన్నాడు. ఆయన కొన్నాక మా ఇంట్లో దాన్ని పాతది అన్నవాళ్లు లేరు. పత్తి చేలు చూడటానికి ఊళ్లు తిరిగేది ఆ బండిలోనే. "మా బండి ఎక్కినోళ్ల కాలు ఉత్త ఇనుముకు తగులొద్దు," అని ఆయన నియమం. అందుకని కొత్తవాడలో నేయించిన మందపాటి జంపఖానా ఒకటి బండి నేల మీద పరిపించాడు. ప్రతి శుక్రవారం బండికి స్నానం. బకెట్లతో లోపలా బయటా నీళ్లు కొట్టి, జంపఖానా ఉతికి, ఆరీ ఆరకముందే మళ్లీ పరిచేవాళ్లు. బండి నేలలో నీళ్లు పోవడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు కొన్ని ఉండేవి. వాటిలోంచి మట్టిరోడ్ల దుమ్ము లేచి జంపఖానా పాడవుతోందని మా తాత వాటికి చెక్క బిరడాలు కొట్టించి పైన తారు పూయించాడు. ఆ శుక్రవారాల పద్ధతి మా నాన్న తప్పలేదు, నేనూ తప్పలేదు. మిల్లు పోయినా, ఇల్లు పోయినా బండి స్నానం ఆగలేదు.

మా మేనత్త సంగతి చెబితే గాని ఆ జీపుకు అంత తొందరగా మరమ్మతు ఎందుకు కావలసి వచ్చిందో తెలియదు. ఆమెను వర్ధన్నపేటకు ఇచ్చారు. భర్త పోయాక మా దగ్గరికి వచ్చేసింది. ఆమెను తీసుకురావడానికి నేను ఈ జీపులోనే వెళ్లాను. అత్త సామాను ఎక్కించాము, అత్త ఎక్కింది, నేను తాళం తిప్పాను. బండి కదలలేదు. ఊరివాళ్లు మూగి నెట్టారు. అరుగు మీద నిలబడి చూస్తున్న అత్త తోడికోడలు నవ్వి, "అక్కా, మీ పుట్టింటి బండిని గుంజనీకి మా ఎడ్లను గట్టాల్నా?" అంది.

అత్త బండిలోంచే జవాబిచ్చింది. "ఇదే బండి దర్జాగ తోల్కొని వచ్చిన్నాడే నీ వాకిట్ల కాలు వెడ్త. ఇంకో బండెక్కి రాను."

ఆ ఇద్దరూ ఒకే వంటింట్లో యవ్వనం వెళ్లదీసినవాళ్లు. ఆ మాట తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇంజను నేను మరుసటి నెలలోనే బాగు చేయించాను. అప్పుడు అత్తకు హారను నచ్చలేదు. హారను మార్పిస్తే పైన కప్పు టార్పాలిను వెలిసిపోయిందంది. అది మార్పిస్తే రంగు. ఇలా ఎన్నేళ్లు గడిచాయో మా ఇంట్లో ఎవరమూ లెక్కపెట్టలేదు. లెక్కలు నా ఉద్యోగమే అయినా, కొన్ని లెక్కలు ఇంటికి తేకూడదు.

పోయిన చలికాలంలో ఒక సోమవారం యార్డులో ఉండగా ఫోను మోగింది. అత్త తోడికోడలు.

"ఏం అల్లుడా, మంచిగున్నవా? వచ్చే సోమారం హైద్రబాద్ పోతాన్న. గుండె కోసి ఏందో వాల్వు వెడ్తరట. గీ వయసుల లేస్తనో లేవనో. పోయే ముందట అక్కను ఒక్కసారి జూడాలె. బండి బాగైందా, ఎడ్లను తయారు జెయ్యాల్నా?"

వెక్కిరింత పాతదే గాని, మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది.

సాయంత్రం అత్తకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు. అన్నీ అయ్యాక తొక్కలు దులుపుకుని, "పొద్దుగాల బండి తియ్యి," అంది. హారను గురించి గాని, రంగు గురించి గాని ఒక్క మాట లేదు.

మంగళవారం ఉదయం జరీ అంచు చీర కట్టుకుని వీధిలోకి వచ్చింది. మా ఇంట్లో ఎవరూ బండి ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకోరు. అత్త కూడా పట్టుకోకుండా నిటారుగా ఎక్కి కుడికాలు జంపఖానా మీద మోపింది. కాలు మెల్లగా కిందికి దిగింది. ఇంకా దిగింది. జంపఖానా గట్టిది కాబట్టి చిరగకుండా ఉయ్యాలలాగా ఆమె పాదాన్ని పట్టుకుంది గాని, దాని కింద ఇనుము లేదు. వంగి చూస్తే అత్త మడమ రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంది.

"నేల పోయింది అత్తా," అన్నాను.

"నేల కాదు, జంపఖానా వదులైంది," అంది అత్త, కాలు పైకి తీసుకుంటూ.

బండిని మెల్లగా నడుపుకుంటూ ఎనుమాముల రోడ్డులో ఉన్న టింకరింగు షెడ్డుకు తీసుకుపోయాను. ఆ షెడ్డు ఆసామి నా వయసువాడే. పని చేసినంత సేపూ మాట్లాడతాడు, పని ఆపి కూడా మాట్లాడతాడు. జిల్లాలో తన సుత్తి తగలని జీపు లేదని అతని నమ్మకం. జంపఖానా లాగి పక్కన పడేసి, కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది ఉడికిన గెనుసుగడ్డలో దిగినట్టు దిగింది.

"సేటూ, గిది జీపు గాదు, జల్లెడ," అన్నాడు కింద నుంచే.

జీపు నేల అంటే పైన కనిపించే రేకు ఒక్కటే కాదు. దాని కింద అడ్డంగా, టోపీలా మడిచిన ఇనుప చానళ్లు ఉంటాయి. రేకు బరువునూ మనుషుల బరువునూ మోసేవి అవే. వాటిని ఛాసిస్‌కు బోల్టులతో బిగిస్తారు. మా బండికి బోల్టులు ఉన్నాయి, చానళ్లు లేవు. చానళ్లు ఉండవలసిన చోట ఎర్రటి పొరలు పొరలుగా తుప్పు ఉంది, ముట్టుకుంటే రాలుతోంది.

అతను బయటికి వచ్చి, అరచేతిలో ఒక తారు ముద్ద చూపించాడు. లోపల చెక్క బిరడా.

"గీ తూట్లను ఎవలు మూసిండ్రు?"

"మా తాత."

"ఎందుకు?"

"దుమ్ము రాకుండ."

"దుమ్ము రాలే, మంచిదే. మరి నీళ్లు యాడికి పోవాలె? బకెట్లకు బకెట్లు పోసిండ్రు, మీదికెళ్లి తడి జంపఖానా గప్పిండ్రు. గింత మర్యాద ఇనుము తట్టుకోదు సేటూ."

"మా తాతను అనకు."

"అయ్యో, నేను అంటనా? పెద్దమనిషి. మా నాయన గూడ చెప్తుండె, మీ మిల్లు సైరను ఇంటెనె ఊరంత అన్నం తినేదట." ఒక క్షణం ఆగి, "అతుకులేస్త, గురువారం తోల్కపోండ్రి," అన్నాడు.

మా బండికి అతుకు వేయడమా? ఆ మాట వినగానే నా వెన్ను దానంతటదే నిటారైంది. అతుకులు వద్దు, అన్నీ కొత్త చానళ్లు పెట్టమన్నాను. పెద్ద చానళ్లు రెండింటినీ ఒక్కసారే తీయవద్దని, ఒకటి బిగించాకే రెండోది కోయమని కూడా చెప్పాను. "నాకు జెప్తాండ్రా సేటూ?" అని అతను నవ్వాడు. ఆ నవ్వు గురించి నా భార్యకు చెప్పినప్పుడు ఆమె, "ఇద్దరు ఇద్దరె దొరికిండ్రు. నువ్వు అతుకు వద్దంటివి, ఆయన మాట ఇనడాయె. నడుమ ముసలామె ఆగమైతాంది," అంది.

బుధవారం డ్రైవరు సీటు కింద ఉన్న పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టారు. నేల రేకు కోసి తీశారు. నేను దుకాణం నుంచి సాయంత్రం వెళ్లేసరికి చానళ్లు రెండూ ఒక్కసారే తెగి నేల మీద పడి ఉన్నాయి. ఆసామి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆధారం లేక పై బాడీ మధ్యలో కుంగింది. కొత్తగా మడిచిన చానళ్లను కింద పెట్టి చూస్తే వాటి రంధ్రాలు ఛాసిస్ రంధ్రాలతో కలవడం లేదు. నేను ఏమీ అనలేదు. అనకపోవడం కూడా మా ఇంట్లో ఒక పద్ధతి, వినేవాళ్లకు అది తిట్టుకంటే ఎక్కువ తగులుతుంది.

"జర వంగింది, గంతె," అన్నాడు. "జాకీ వెట్టి రోజింత లేపాలె. ఒక్కసారె లేపితె పగుల్తది. మీ తాత బండి శాన మొండిది సేటూ, నా తప్పేం లేదు."

గురువారం నుంచి అత్త రోజూ మధ్యాహ్నం షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. జీపు వెనకవైపు సీట్లు చక్రాల పైన ఉండే గూళ్ల మీద బిగించి ఉంటాయి, నేలతో వాటికి పని లేదు. స్టూలు వేయించుకుని ఎక్కి, ఆ సీటు మీద కూర్చునేది. నేల లేదు కాబట్టి కాళ్లు కిందికి వేలాడేవి. ఆమె పాదాల కింద షెడ్డు మట్టి, ఇనుప రజను, అప్పుడప్పుడూ ఆసామి తల.

"పెద్దమ్మా, కింద వెల్డింగు జేస్తాన్న, రవ్వలు వడ్తయి. జర కాళ్లు దియ్యుండ్రి."

"నా కాళ్లు నా బండ్ల ఉన్నయి. నీ రవ్వలు పక్కకు జరుపుకో."

శుక్రవారం నేను మెల్లగా, "అత్తా, ఆదివారం లోపల బండి కాదు. కారు మాట్లాడ్త, పోయొద్దాం," అన్నాను.

"ఆమె నవ్వుతది."

"ఆపరేషన్‌కు పోయే మనిషి, ఏం నవ్వుతది?"

"గుండె గదా కోసేది, నోరు కాదు."

అంతలోనే నా వైపు చూడకుండా, "వాల్వు అంటె ఎంతుంటది?" అని అడిగింది. నాకు తెలియదు. బోల్టులు ఏరుతున్న ఆసామి ఒక వాషరు ఎత్తి చూపించి, "గింతుంటదేమో పెద్దమ్మా," అన్నాడు. అత్త చెయ్యి చాపింది. ఆ వాషరును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "గింతేనా," అంది. తర్వాత తిరిగి ఇచ్చేసింది. ఆ రోజు ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఆసామికి భయమేసి, "పెద్దమ్మకు పానం బాగలేదా?" అని నన్ను చాటుకు పిలిచి అడిగాడు.

శనివారం ఒక చానలు కలిసింది. రెండోది వేలెడు దూరంలో నిలిచిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు ముందు ఒక ఆటో ఆగింది. లోపలి నుంచి ముందు ఒక స్టీలు డబ్బా వచ్చింది, తర్వాత ఒక చెయ్యి, తర్వాత అత్త తోడికోడలు. నేను చూసినప్పటి మనిషిలో సగం అయింది. ఆటో కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుని, జీపు దాకా నడిచి వచ్చి నిలబడింది. అత్త చూసింది గాని తల తిప్పలేదు.

"అక్కా, నీ బండి రాకపాయె, నేనే వచ్చిన."

"ఎవలు పిలిచిండ్రు?"

"ఎవలు పిలువలే. గీ షెడ్డు నీ వాకిలా, పిలిస్తెనే రానీకి?"

తోడికోడలు జీపు లోపలికి తొంగి చూసింది.

"నేలేది?"

"కోసిండ్రు."

"మంచిగైంది. నీ బండికి, నాకు ఒక్కతాపె ఆపరేషన్ వడ్డది."

ఆసామికి నవ్వు ఆగలేదు. అత్త అటు చూసేసరికి గ్రైండరు తీగ సరిచేయడంలో పడ్డాడు. తోడికోడలు స్టూలు మీద కాలు పెట్టింది. నేను ఒక చెయ్యి, ఆసామి ఒక చెయ్యి పట్టుకున్నాము. ఆమె ఎక్కి అత్తకు ఎదురు సీట్లో కూర్చుంది. ఆమె కాళ్లు కూడా కిందికి వేలాడాయి. ఇద్దరివీ పొట్టి కాళ్లే, నేలకు అందవు. బయట నుంచి చూస్తే జీపు కింద నాలుగు పాదాలు, వాటి వేళ్ల మీద ఒకప్పటి మట్టెల గుర్తులు కనిపించాయి.

డబ్బా మూత తీసింది. సర్వపిండి. అత్త ఒక ముక్క తుంచుకుంది.

"ఉప్పెక్కువైంది."

"డాక్టరు నన్ను ఉప్పు ముట్టద్దన్నడు. ఇంట్ల రుచి చెప్పెటోళ్లు లేరు. పిల్లలు ఏది వెట్టినా బాగుందంటరు."

"బాగలేదు. ఎక్కువైంది," అని అత్త ఇంకో ముక్క తుంచుకుంది.

"తింటున్నవ్ గదా."

"పారేస్తరా?"

తర్వాత వాళ్ల మాటలు మెల్లబడ్డాయి. ఇద్దరికీ అత్తగారైన ఆమె సంగతి, వాళ్ల పెసరచేను సంగతి, పోయినవాళ్లలో ఎవరు ఎవరికంటే ముందు పోయారన్న దాని మీద ఒక చిన్న తగవు. నేను షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాను. ఆసామి కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అంతసేపు మాట్లాడకుండా ఉండటం అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు.

చివరికి ఆటో డ్రైవరు హారను కొట్టాడు. ఇప్పుడు ఇద్దరూ దిగాలి, కాని ఎవరూ దిగడం లేదు. నాకు కాసేపటికి అర్థమైంది. అత్త ముందు దిగితే, వచ్చిన మనిషిని తనే సాగనంపినట్టు. సాగనంపితే తోడికోడలు చుట్టమైనట్టు, చుట్టానికి అత్త మంచినీళ్లయినా ఇవ్వనట్టు. తోడికోడలు ముందు దిగితే, పిలవకుండా వచ్చి పొమ్మనకుండా పోయినట్టు. ఆటో డ్రైవరు మళ్లీ హారను కొట్టాడు. ఆసామి లోపలికి పోయి ఖాళీ ప్రైమరు డబ్బా ఒకటి బోర్లించి, స్టూలు పక్కన పెట్టాడు.

"ఇద్దరు ఒక్కసారె దిగుండ్రి. నాకు పనున్నది," అన్నాడు.

ఒకరు స్టూలు మీద, ఒకరు డబ్బా మీద, ఒక్కసారే దిగారు. దిగేటప్పుడు పట్టు కోసం ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. కింద కాళ్లు ఆనాక కూడా వదలడానికి కొంచెం సమయం పట్టింది.

"నేను మంచిగై వస్తె నువ్వు నా ఇంటికి రావాలె," అంది తోడికోడలు ఆటో ఎక్కుతూ. "బండ్లనె రా. ఎడ్లను అమ్ముకున్నం, ఇగ గుంజెటోళ్లు లేరు."

అత్త క్షేమంగా పోయి రమ్మని కూడా అనలేదు. ఆటో మలుపు తిరిగాక నన్ను చూసి, "ఆమె డబ్బా ఇడ్సిపెట్టి పోయింది," అంది కోపంగా.

తోడికోడలికి ఆపరేషను బాగానే జరిగింది. రెండో చానలు తర్వాతి వారం కలిసింది. రెండింటికీ ఎర్ర ప్రైమరు పూసి, పైన కొత్త రేకు బిగించి, రంధ్రాలు తెరిచే ఉంచారు. అవన్నీ చెప్పడం సులువే. నాకు ఇంకా సరిగ్గా అర్థం కానిది ఆమె హైదరాబాదు బయలుదేరిన సోమవారం ఉదయం.

నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. అత్త తయారై వచ్చి, స్టీలు డబ్బా సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఆటోను పిలువు."

"ఏ ఆటో? ఎక్కడికి?"

"ఆమె రైలు ఎన్నింటికి?"

నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. "అత్తా, ఆ బండ్ల తప్ప పోనంటివి గదా? బండి ఇంక దిమ్మల మీదనె ఉన్నది."

"ఆ బండి ఆమె వాకిట్లకు పోనీకి. రైల్వే స్టేషన్ ఆమె వాకిలా?"

వంటింట్లోంచి నా భార్య నవ్వు వినిపించింది. నేను నవ్వలేదు. అత్త చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అందుకే చొక్కా వేసుకుని ఆటో పిలిచాను.

అత్త ఆటో సీటు మధ్యలో, కమ్మీ పట్టుకోకుండా, మా తాత జీపులో కూర్చున్నట్టే కూర్చుంది. "జల్ది తోలు నాయినా, ఎవలన్న జూస్తె మంచిగుండదు," అని డ్రైవరుకు చెప్పింది. వీధి మలుపులో పూలు అమ్మే ఆమె కనిపించగానే డ్రైవరు భుజం తట్టి ఆటో ఆపించింది. "మా తోడికోడలు పెద్ద ఆపరేషన్‌కు పోతాంది, సాగనంపబోతాన్న," అంది. ఇంకొంచెం ముందు కిరాణా దుకాణం దగ్గర మళ్లీ ఆపించింది. ఆ తర్వాత మాకు పరిచయం లేని ఒక పెద్దమనిషి రోడ్డు దాటుతుంటే ఆయనకూ చెప్పింది. స్టేషను దాకా తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ తనే ఆటో ఆపి చెబుతూ వచ్చింది. రైలు అందదేమోనని నేను గడియారం చూసుకుంటుంటే, "ఎందుకట్ల గాబరవడ్తవు? నేను రాకుంట ఆమె రైలెక్కుతదా?" అంది.